చెవికి అక్షరాభ్యాసం

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు ఊరొచ్చాడు. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. భోజనాలయ్యాక వరండాలో కూర్చుని ఉంటే జేబులోంచి చిన్న డబ్బా తీసి, "మామయ్యా, ఇది పెట్టుకుని 'గీతాంజలి' పాట ఒకటి విను" అన్నాడు. తీగను నా చెవి మీదుగా వెనక్కి తిప్పి, మొనను చెవిలో కొంచెం మెలిపెట్టి సర్దాడు. వీధిలో గోల ఆగిపోయింది.

1989లో ఆ సినిమా వచ్చేనాటికి నేను కాలేజీలో ఉన్నాను. ఆ పాటల్ని టేప్‌రికార్డర్లో విన్నాను. పెళ్లి పందిళ్లలో మైకుసెట్టు మీద విన్నాను. రాత్రి బస్సుల్లో కిటికీ పక్కన కూర్చుని విన్నాను. అయినా ఆ మధ్యాహ్నం, గాయకుడి గొంతుకు అడుగున, తాళానికి కూడా అడుగున, ఇళయరాజా కూర్చిన బేస్ గిటార్ వరస మొదటిసారి ఏ స్వరానికా స్వరం విడివిడిగా వినిపించింది. అది ముప్పై అయిదేళ్లుగా ఆ పాటలోనే ఉంది. నా దాకా రాలేదంతే.

"ఎంతయిందిరా ఇది?"

"రెండు వేలు మామయ్యా."

ఆ వస్తువును ఐఈఎం అంటారు. ఇన్-ఇయర్ మానిటర్ అన్నమాట. వేదిక మీద గాయకులు, వాద్యకారులు తమ సంగీతం తాము స్పష్టంగా వినడానికి పెట్టుకునే పరికరంగా 1990లలో ఇది పేరుకెక్కింది. ఇప్పుడు మూన్‌డ్రాప్, కేజెడ్ వంటి చైనా కంపెనీల చలవ వల్ల కాలేజీ పిల్లల జేబుల్లోకి చేరింది. మా తరంలో ఆడియో పిచ్చి పట్టినవాడు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి పోయి స్పీకర్లు, ఆంప్లిఫయర్ సామాను కొనుక్కొచ్చి, వడ్రంగి చేత చెక్క పెట్టెలు చేయించుకునేవాడు. నేటి పిల్లలు అంతే శ్రద్ధతో శబ్దం పుట్టించే డ్రైవర్ ఎన్ని మిల్లీమీటర్లు, ఇయర్‌టిప్ సిలికానా ఫోమా, ట్యూనింగ్ ఎలా ఉంది, ఫోన్‌కు తగిలించే డాంగిల్‌లో డిజిటల్ పాటను విద్యుత్తుగా మార్చే డాక్ చిప్ ఏది అని మాట్లాడుకుంటున్నారు.

ఇంట్లో పెద్దలకు ఇదంతా డబ్బు తగలేసే షోకులా కనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. సరిగ్గా పట్టుకుంటే ఈ అభిరుచిలో భౌతికశాస్త్రం ఉంది, శరీరశాస్త్రం ఉంది, గణాంకశాస్త్రమూ ఉంది. ఇది చెవికి జరిగే అక్షరాభ్యాసం.

మనం విన్నది సగం పాటే

మనిషి చెవి సెకనుకు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల దాకా, అంటే 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు వినగలదు. బేస్ గిటార్ లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. తాళాల గలగల, 'స' అనే అక్షరంలోని బుస వేల హెర్ట్జ్‌లలో ఉంటాయి.

మా చిన్నప్పటి రేడియో ఇందులో ఎంత అందించింది? మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లకు 9 కిలోహెర్ట్జ్ చొప్పున ఎడం ఉంటుంది. పక్క స్టేషన్ చొరబడకుండా ఉండాలంటే పాటను దాదాపు నాలుగున్నర వేల హెర్ట్జ్ దగ్గర కత్తిరించక తప్పదు. పైన తాళాలు పోయాయి. ట్రాన్సిస్టర్‌లోని చిన్న స్పీకర్ బేస్‌ను పలకలేదు కాబట్టి కింద నేల కూడా పోయింది. మిగిలిన నడిమి ముక్కనే మేము పాట అనుకుని ప్రేమించాం.

అయినా లోటు ఎందుకు తెలియలేదు? ఎందుకంటే మెదడు పూరించే పని చేస్తుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేది. మగవాళ్ల గొంతు మూలస్వరం సుమారు 100 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. అంటే ఆ తీగలో నాన్న గొంతు మూలస్వరం ప్రయాణించనే లేదు. మూలస్వరానికి రెట్లుగా ఉండే 300, 400, 500 హెర్ట్జ్ అనుస్వరాలు మాత్రం వచ్చాయి. వాటి మధ్య ఎడం వందేసి ఉండడం గమనించి, మూలస్వరం వంద అయి ఉండాలని మెదడే తేల్చుకుంది. దీన్ని శాస్త్రవేత్తలు 'లోపించిన మూలస్వరం' అంటారు. ఫోన్ స్పీకర్లో కూడా రాగం తెలిసిపోవడానికి కారణం ఇదే. అయితే మెదడు స్థాయిని పూరించగలదు గానీ, తీగ బరువును, చర్మవాద్యం దెబ్బలోని గాలి తోపును పుట్టించలేదు.

ఈ అనుస్వరాల సంగతి తెలుగువాళ్లకు దగ్గరిదే. విశాఖపట్నంలో పెరిగి చదువుకున్న సి.వి.రామన్ 1920లో 'నేచర్' పత్రికలో మన మృదంగం, తబలాల మీద ఒక పరిశోధన సహరచయితతో కలిసి ప్రచురించారు. మామూలు డోలు మీద కొడితే పుట్టే కంపనాలకు ఒకదానితో ఒకటి పొందిక ఉండదు. అందుకే అది ధ్వనిగా మిగులుతుంది, స్వరం కాదు. మృదంగం కుడి మూత మధ్యలోని నల్లని పూత ఆ కంపనాల్ని 1, 2, 3, 4 అనే సరళ నిష్పత్తుల్లోకి తెస్తుంది. అందుకే మృదంగాన్ని శ్రుతి చేయగలం. మంచి ఇయర్‌ఫోన్‌లో మృదంగం విన్నప్పుడు "ఇది పాడుతోందే" అనిపిస్తే, రామన్ కొలిచిన ఆ నిష్పత్తులే మన చెవికి చేరుతున్నాయన్నమాట.

గోరంత పొర, కొండంత బేస్

గదిలో బేస్ పలికించడానికి పన్నెండు అంగుళాల స్పీకర్ కావాలంటారు. మరి చెవిలో దూరే పది మిల్లీమీటర్ల పొర అదే బేస్‌ను ఎలా పలికిస్తోంది?

రెండింటి లోపలి యంత్రం ఒకటే. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు వివరించిన ఏర్పాటు అది: అయస్కాంతం మధ్యలో తీగచుట్ట, దానికి అంటించిన పొర. పాట విద్యుత్తు రూపంలో చుట్టలోకి వస్తుంది, చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది, పొర గాలిని నెడుతుంది.

తేడా అంతా గాలిలో ఉంది. బహిరంగ ప్రదేశంలో ఒకే తీవ్రతతో పలకాలంటే, పౌనఃపున్యం సగానికి దిగిన ప్రతిసారీ పొర నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. 80 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు కదిలిన పొర 40 దగ్గర నాలుగు, 20 దగ్గర పదహారు మిల్లీమీటర్లు కదలాలి. చిన్న స్పీకర్ వల్ల అయ్యే పని కాదది. ఇప్పుడు సైకిల్ పంపును తలుచుకోండి. మూతి తెరిచి ఉన్నప్పుడు ఎంత కొట్టినా గాలి చెదిరిపోతుంది. మూతిని వేలితో అదిమిపట్టి ఒక్క అంగుళం నెట్టినా వేలికి ఒత్తిడి తగులుతుంది. ఇయర్‌టిప్ సరిగ్గా కూర్చుంటే చెవి నాళం అలా మూసిన పంపు అవుతుంది. లోపల ఉండే గాలి ఒకటి రెండు ఘన సెంటీమీటర్లే కాబట్టి, పొర కంటికి కనబడనంత కదిలినా 20 హెర్ట్జ్ దాకా బేస్ వస్తుంది.

సన్నని సందు ఉన్నా పంపు మూతి తెరుచుకున్నట్టే. బేస్ అందులోంచి జారిపోతుంది. అందుకే ఈ అభిరుచిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట: శబ్దం పల్చగా ఉందనిపిస్తే కొత్తది కొనకండి, ముందు టిప్ సైజు మార్చి చూడండి. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలని కూడా లేదు.

మంచి శబ్దానికి కొలత ఉందా?

"శబ్దం ఎవరి ఇష్టం వాళ్లది" అనడం సులభం. కొంతవరకు నిజమే కూడా. కానీ ఇష్టాలన్నీ కలిపి చూస్తే ఒక ఆకారం బయటపడింది.

చెవి నాళం సుమారు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం. ఒక కొస తెరిచి, రెండో కొస కర్ణభేరితో మూసి ఉంటుంది. వేణువుకు ఉన్నట్టే దీనికీ ఒక అనునాదం ఉంది. అది సుమారు 3,000 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. పుట్టినప్పటి నుంచి మనం విన్న ప్రతి శబ్దానికీ ఆ ప్రాంతంలో మన చెవే కాస్త బలం చేకూర్చింది. ఇయర్‌ఫోన్‌తో రంధ్రాన్ని మూసేస్తే ఆ సహజ అనునాదం చెదిరిపోతుంది. కాబట్టి పోయిన బలాన్ని ఇయర్‌ఫోనే తిరిగి ఇవ్వాలి. ఇవ్వకపోతే గొంతు దుప్పటి కింద నుంచి వచ్చినట్టుంటుంది. ఎక్కువ ఇస్తే చెవిలో గుచ్చుకుంటుంది.

ఎంత ఇవ్వాలన్నది తేల్చడానికి హర్మాన్ సంస్థలో షాన్ ఆలివ్, ఆయన సహచరులు 2012 తర్వాతి సంవత్సరాల్లో వరసగా ప్రయోగాలు చేశారు. ఏ హెడ్‌ఫోన్ పలుకుతోందో తెలియకుండా వినిపించి, మార్కులు వేయించారు. అమెరికా, కెనడా, జర్మనీ, చైనాల శ్రోతల్ని పిలిచారు. దేశం మారినా, వయసు మారినా ఎక్కువమంది మెచ్చినది దాదాపు ఒకే తరహా పలుకు: మంచి గదిలో మంచి స్పీకర్లు వింటే ఎలా ఉంటుందో అలాంటిది. ఆ రేఖనే 'హర్మాన్ టార్గెట్' అంటారు. మా మేనల్లుడు ఫోన్‌లో చూపించే ఎత్తుపల్లాల గ్రాఫు వెనక ఉన్న కథ ఇది. రేఖ ప్రచురితమయ్యాక, ఏ కంపెనీ అయినా దానికి దగ్గరగా ట్యూన్ చేయవచ్చు. ఖరీదు దిగిరావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఖరీదుకూ పలుకుకూ సంబంధం ఎంత? 2017లో యెరోన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల పౌనఃపున్య స్పందనను, వాటి ధరను పక్కపక్కన పెట్టి చూశాడు. సంబంధం కనబడలేదు. ధర ఎక్కువైతే కట్టుదిట్టం, సౌఖ్యం, మన్నిక పెరగవచ్చు. పలుకు మెరుగవుతుందన్న హామీ మాత్రం లేదు. నెలవారీ ఖర్చులోంచి మిగిల్చుకుని కొనే విద్యార్థికి ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది?

పిల్లల చెవులు చెడిపోయాయా?

2009లో ఒక మాట బాగా ప్రచారమైంది. స్టాన్‌ఫర్డ్ సంగీత ఆచార్యుడు జొనాథన్ బర్గర్ తన విద్యార్థులకు ఏటా రకరకాల నాణ్యతల్లో సంగీతం వినిపించేవారు. ఏటికేడు ఎంపీ3 పలుకు నచ్చేవాళ్లు పెరుగుతున్నారని ఆయన గమనించారు. "ఈ తరానికి మంచి శబ్దం అక్కర్లేదు" అని లోకం తీర్పు చెప్పేసింది.

ఎంపీ3లో జరిగేదేమిటో చూద్దాం. సీడీ సెకనుకు 44,100 నమూనాలు తీసుకుంటుంది, ఒక్కో నమూనాకు 16 బిట్లు, రెండు చానళ్లు. మొత్తం సెకనుకు దాదాపు 1,411 కిలోబిట్లు. 128 కిలోబిట్ల ఎంపీ3 అందులో పదకొండో వంతు. మిగతాది పారేయడం గుడ్డిగా జరగదు. పెద్ద శబ్దం వచ్చిన క్షణంలో, దానికి దగ్గరి పౌనఃపున్యాల్లోని సన్నని శబ్దాలు చెవికి అందవు. ఎలాగూ వినబడని వాటిని తీసేయడమే కిటుకు. దీన్ని రూపొందించినవారిలో ముఖ్యుడు కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్. సుజాన్ వేగా వాద్యాలు లేకుండా పాడిన 'టామ్స్ డైనర్' పాటతో ఆయన తన పద్ధతిని పదేపదే పరీక్షించుకున్నారు. ఒంటరి గొంతులో చిన్న తప్పయినా దాగదు కదా. అంత జాగ్రత్త తీసుకున్నా, మరీ తక్కువ బిట్లిస్తే తాళాలు నీళ్లలో మునిగినట్టు వినబడతాయి.

లోకం ఇచ్చిన తీర్పును ఆలివ్ పరీక్షకు పెట్టారు. హైస్కూలు, కాలేజీ పిల్లలకు ఏది ఏదో చెప్పకుండా 128 కిలోబిట్ల ఎంపీ3నీ సీడీనీ వినిపించారు. 2012లో ప్రకటించిన ఫలితం: ఎక్కువమంది సీడీనే ఎంచుకున్నారు. స్పీకర్లు వినిపిస్తే, రంగు పూయకుండా ఉన్నదున్నట్టు పలికేదానికే ఓటేశారు. పిల్లల చెవులు చెడిపోలేదు. వాళ్లకు మంచిది వినే అవకాశం దొరకలేదంతే, నాకు ఆ బేస్ గిటార్ దొరకనట్టే.

కళ్లు మూసుకుని వినాలి

ఈ దారిలో ఒక గుంట ఉంది. వినికిడి చెవిలో మొదలై మెదడులో పూర్తవుతుంది. మెదడుకు ధర తెలిస్తే ధరను వింటుంది. బ్రాండ్ తెలిస్తే బ్రాండ్‌ను వింటుంది. పైగా రెండు పాటల్లో ఒకటి ఒక డెసిబెల్ కంటే తక్కువ తేడాతో బిగ్గరగా ఉన్నా, అది "బిగ్గరగా ఉంది" అనిపించదు, "స్పష్టంగా ఉంది" అనిపిస్తుంది.

మా మేనల్లుడు తరవాత కొనదలచిన సరుకుల జాబితా చూపించాడు. అందులో ఒక మంచి కేబుల్ ఉంది, సీడీ కంటే ఎక్కువ నాణ్యతతో పాటలిచ్చే చందా ఉంది. ఇద్దరం ఒక పరీక్ష పెట్టుకున్నాం. ఒకే పాటను ఏ నష్టమూ లేని ఫ్లాక్ రూపంలో, 320 కిలోబిట్ల ఎంపీ3గా సిద్ధం చేశాడు. రెండింటి స్థాయి సమానం చేశాడు. నేను వాడికి కనబడకుండా నాణెం వేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే మరొకటి పదహారుసార్లు వినిపించాను. చెవితోనే తేల్చాడని ఒప్పుకోవాలంటే పదహారులో కనీసం పన్నెండు సరిగ్గా చెప్పాలి. ఊరికే ఊహించేవాడికి పన్నెండో అంతకంటే ఎక్కువో రావడం వందలో నాలుగుసార్లే జరుగుతుంది. వాడికి తొమ్మిది వచ్చాయి. తరవాత వాడు నాణెం వేసి నాకు వినిపిస్తే, నాకు ఏడు.

వాడు కాసేపు మౌనంగా ఉండి, జాబితాలో ఆ రెండు వస్తువులూ కొట్టేశాడు. నాకు వాడి మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. తన చెవి మీద తానే పరీక్ష పెట్టుకుని, వచ్చిన ఫలితాన్ని ఒప్పుకోవడం కంటే శాస్త్రీయ దృక్పథం ఇంకేముంది?

మా ఫలితం వింతేమీ కాదు. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఇలాంటి పరీక్షనే పెద్ద ఎత్తున చేశారు. సీడీ కంటే ఎక్కువ నాణ్యమైన రికార్డింగును ఒకసారి నేరుగా, ఒకసారి సీడీ స్థాయికి దించి వినిపించారు. 554 ప్రయత్నాల్లో 276 సరైన జవాబులొచ్చాయి. నాణెం ఎగరేసినా అంతే వస్తాయి. గణితమూ ఇదే చెబుతుంది. నైక్విస్ట్ 1928లో పునాది వేసి, షానన్ 1949లో నిరూపించిన సూత్రం ప్రకారం, ఒక తరంగంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెండింతలకు మించి నమూనాలు తీస్తే, దాన్ని మెట్లు మెట్లుగా కాదు, నున్నగా ఉన్నదున్నట్టు తిరిగి నిర్మించవచ్చు. చెవి హద్దు 20,000. సీడీ తీసేది 44,100.

మరి తేడా ఎక్కడుంటుంది? ముందు రికార్డింగులో, దానికి చివరి మెరుగులు దిద్దే మాస్టరింగులో. తరవాత ఇయర్‌ఫోన్ ట్యూనింగులో, అది చెవికి పట్టిన తీరులో. డాక్, ఆంప్ ఆ తరవాత. కేబుల్ చిట్టచివర. డబ్బు, ధ్యాస ఈ వరసలోనే పెట్టాలి. మాస్టరింగు ఎంత ముఖ్యమో ఎల్పీల సంగతి చూస్తే తెలుస్తుంది. అమెరికాలో 2022లో 4.1 కోట్ల ఎల్పీ రికార్డులు అమ్ముడైతే సీడీలు 3.3 కోట్లే అమ్ముడయ్యాయి; 1987 తర్వాత ఎల్పీలు ముందుకు రావడం అదే మొదటిసారి. కొలతల్లో ఎల్పీ సీడీకి సాటిరాదు. అయినా కొన్ని ఆల్బమ్‌ల ఎల్పీ మేలుగా ఉండడానికి కారణం మాస్టరింగు. డిజిటల్ ప్రతిలో అన్నిటికంటే బిగ్గరగా వినబడాలన్న పోటీలో చిన్న, పెద్ద శబ్దాల మధ్య తేడాను నలిపేస్తారు, ఎల్పీకి ఆ పని తగ్గించి చేస్తారు. ఇక రికార్డును తొడుగులోంచి తీసి, తుడిచి, ముల్లు దించి, ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవడం వేరే సుఖం. దాన్ని నేను తక్కువ చేయను. కుదురుగా కూర్చుని పాట వినడమే కదా ఈ అభిరుచి ఇచ్చే అసలు ఫలం.

మళ్లీ దొరకని పరికరం

మావాడు ఊరెళ్లే ముందు రాత్రి ఇంకో పరీక్ష చేశాం. ఫోన్‌లో ఒక్క స్వరాన్నే తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, మెల్లగా పైకి జరుపుతూ పోయాడు. 8,000. 10,000. పదకొండు వేలు దాటాక నాకు నిశ్శబ్దం. ఇయర్‌ఫోన్ వాడు పెట్టుకున్నాడు. 17,000 దాకా వాడి వేలు పైకి లేచే ఉంది.

వయసుతో పైస్వరాలు ముందు రాలిపోతాయి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు పుట్టుకతో సుమారు పదహారు వేలు ఉంటాయి. కోడిపిల్లకు అవి దెబ్బతింటే మళ్లీ మొలుస్తాయి. మనిషికి మొలవవు. వయసు చేసే నష్టానికి పెద్ద వాల్యూమ్ చేసే నష్టం తోడైతే ముప్పైలోనే యాభై ఏళ్ల చెవి వస్తుంది. 12 నుంచి 35 ఏళ్ల లోపు వాళ్లలో వంద కోట్ల మందికి పైగా ఈ ముప్పులో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది గీసిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5 గంటలే. బాగా అమరిన ఐఈఎం ఇక్కడా మేలే చేస్తుంది. బస్సు రొదను అది ఆపేస్తే, రొద మీదికి పాటను ఎక్కించాల్సిన పని ఉండదు. నిశ్శబ్దమైన గదిలో ఏ వాల్యూమ్ హాయిగా ఉందో గుర్తుపెట్టుకుని, బస్సులోనూ దాన్ని దాటకుండా ఉంటే చాలు.

మంచి శబ్దం దశాబ్దాల పాటు డబ్బున్నవాళ్ల సొత్తుగా ఉండేది. మనిషి సంపాదించి, స్థిరపడి, మంచి సిస్టమ్ కొనుక్కునే వేళకు చెవి పై అంతస్తులు ఒక్కొక్కటే చీకటయ్యేవి. ఇప్పుడు మొదటిసారి పంతొమ్మిదేళ్ల చెవికి, పంతొమ్మిదేళ్ల జేబుకు అందేంత దగ్గరగా మంచి శబ్దం వచ్చింది. ఈ కలయిక కోసం రైస్, షానన్, రామన్, ఆలివ్ వంటివారు ఒక శతాబ్దం పనిచేశారు. ఇంట్లో పిల్లలు దీన్ని ఇష్టపడితే అడ్డు చెప్పకండి. పక్కన కూర్చుని మీరూ ఒక పాట వినండి. వాల్యూమ్ ఎంతుందో మాత్రం చూడండి.

స్వరం పైకి పోతూనే ఉంది. మావాడు వేలు ఎత్తే ఉంచి, "ఇంకా వినిపిస్తోంది మామయ్యా" అన్నాడు. నాకు వినబడనిది వాడి ముఖంలో కనిపించింది.